ప్రయాణానికి ముందు టైర్లు చూసుకోండి

సెలవుల్లో సికింద్రాబాద్ నుంచి సొంత బండ్లలో శ్రీశైలం, తిరుపతి బయలుదేరే కుటుంబాలు ఎన్నో. ఇంటిల్లిపాదినీ, సామాన్లనూ మోసేది ఆ నాలుగు టైర్లే.

రాణిగంజ్‌లోనో మరెక్కడో కొత్త టైరు కొంటున్నారా? దాని పక్కభాగం మీద రాసింది చదవండి. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. సైజు తర్వాతి సంఖ్య మోయగల బరువుకు గుర్తు: 91 అంటే టైరుకు 615 కిలోలు. బండి కంపెనీ చెప్పినదానికంటే తక్కువది వద్దు.

గాలి పొద్దున్నే, బండి ఎక్కువ దూరం తిరగకముందే కొట్టించండి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గర రాసి ఉంటుంది. గాలి తక్కువైతే టైరు అణిగి, నలిగి, లోపల వేడెక్కుతుంది. ఎండలో అది పేలిపోవచ్చు. దారిలో వేడికి గాలి ఒత్తిడి పెరిగిందని మాత్రం తీసేయకండి.

గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినా, పక్కన ఉబ్బు కనిపించినా టైరు మార్చాల్సిందే. వాడకపోయినా రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. అందుకే స్టెప్నీనీ పరీక్షించండి. బయలుదేరే ముందురోజే ఈ పని పూర్తిచేయండి. క్షేమంగా వెళ్లి రండి.