క్షమాపణ ప్రార్థన – పొరుగువాని బాకీ

(ఎర్రమంచి పరిసర గ్రామముల విశ్వాసుల యెదుట శ్రమదినములలో చేసిన ప్రసంగ పాఠము)



దేవుని క్షమాపణను ప్రార్థన ద్వారా ఎట్లు పొందుదుమో చెప్పుమని పెద్దలు నన్ను కోరినారు. ప్రార్థించుటను గూర్చి మీకు నేను కొత్తగా చెప్పగలిగినది కొంచెమే. మీలో చాలామందికి ఒప్పుకోలు ప్రార్థన పుస్తకము చూడకుండ వచ్చును. నేను మాట్లాడదలచినది "ఆమేన్" అన్న తరువాత మిగిలిపోవు పనిని గూర్చి.

మన తెలుగు బైబిలులో "మారుమనస్సు" అను చక్కని మాట ఉన్నది. గ్రీకులో "మెటనోయియా" అనుదానికి అది సరియైన తెలుగు. హెబ్రీ ప్రవక్తలు వాడిన "షూబ్" అను మాట ఇంకను తేలిక. తిరుగుట, మళ్లుట అని దాని అర్థము. ధర్మవరము పోవలసినవాడు పెనుకొండలో హిందూపురము బస్సెక్కినాడనుకొనుడి. "అయ్యో, తప్పు బస్సెక్కితినే" అని కిటికీ ప్రక్కన కూర్చుండి ఎంత ఏడ్చినను ఆ బస్సు హిందూపురమునకే పోవును. కండక్టరుకు చెప్పి దిగవలెను, ఎదురు బస్సెక్కవలెను. మన కూడికలలో కన్నీటికి కొదువ లేదు. దిగువారే తక్కువ.

దావీదు సంగతి చూడుడి. ఊరియా భార్యను తీసికొని, ఊరియాను యుద్ధములో చంపించిన తరువాత నాతాను ప్రవక్త అతని యొద్దకు వచ్చి ఒక కథ చెప్పెను. మందలు గల ధనవంతుడొకడు, పేదవాడు బిడ్డవలె పెంచుకొన్న ఒకే ఒక ఆడుగొఱ్ఱెపిల్లను పట్టుకొని అతిథికి వండి పెట్టినాడు. గొఱ్ఱెలు మేపుకొని బ్రదుకువారు మన ప్రాంతమందు ఎందరో ఉన్నారు గనుక ఆ పేదవాని కడుపుకోత మీకు వేరుగా వివరింపనక్కరలేదు. దావీదు మండిపడి, ఆ గొఱ్ఱెపిల్లకు ప్రతిగా నాలుగంతలు ఇయ్యవలెనని తీర్పు చెప్పెను. అది అతడు కోపములో కల్పించిన లెక్క కాదు. దొంగిలిన గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెలియ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయములో ఉన్నది. తీర్పు చెప్పిన పిమ్మట గాని ఆ ధనవంతుడు తానేనని అతనికి తెలియలేదు.

ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెలియ్యవచ్చును. ఊరియా ప్రాణమునకు ఏమి ఇయ్యగలడు? ఏమియు లేదు. అందుకే 51వ కీర్తన పుట్టినది. తిరిగి ఇయ్యలేనిదానికి దేవుని కనికరము తప్ప వేరు దిక్కు లేదు. భక్తుడైన అగస్టీను 430వ సంవత్సరమున, హిప్పో పట్టణమును వాండలులు ముట్టడించిన దినములలో, మరణశయ్య మీద ఉండగా పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి గోడకు పెట్టించుకొని, వాటిని చదువుచు కన్నీరు విడిచెనని ఆయన శిష్యుడు పొసీడియసు వ్రాసినాడు. అంతటి పండితుడు చివరి దినములలో చేరిన చోటు అది.

అయితే మనలో కొందరు ఈ కీర్తనను తమకు వీలుగా తిప్పుకొందురు. తాను పాపము చేసినది దేవునికే అని దావీదు మొఱపెట్టెను గదా, దేవునితో సరిచేసికొంటిమి, ఇక మనిషితో పని యేమి అందురు. ఆ తలంపునకు లేవీయకాండము 6వ అధ్యాయము జవాబిచ్చుచున్నది. దాచుమని ఇచ్చినదానిని కాదన్నవాడు, బలాత్కారముగా తీసికొన్నవాడు, దొరికినదానిని దొరకలేదని ఒట్టు పెట్టుకొన్నవాడు, ఆ సొమ్మంతయు దానితో అయిదవ వంతును కలిపి సొంతదారునికి ఇయ్యవలెను. నూరు రూపాయలకు నూట ఇరువది. ఆలస్యము చేయుటకు వీలు లేదు, అపరాధపరిహారార్థ బలి తెచ్చు దినముననే ఇయ్యవలెను. యెరికో పట్టణపు జక్కయ్య ఇంకను ముందుకు పోయినాడు. సగము ఆస్తి బీదలకు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు. దావీదు చెప్పిన నాలుగంతలే, కాని జక్కయ్య ఆ తీర్పును ఇతరుల మీద గాక తన మీదనే చెప్పుకొన్నాడు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వత్తును. ఎర్రమంచి అనగా ఒకప్పుడు వేరుశెనగ కాయల మాట, వానల మాట. 2017 ఏప్రిల్‌లో కియా కార్ల కర్మాగారమునకు ఒప్పందము కుదిరినది. 2019 ఆగస్టులో ఇక్కడనుండి సెల్టోస్ కారు బయటికి వచ్చినది. పని దొరికినది, రోడ్లు వచ్చినవి, సంతోషమే. దానితోపాటు భూమి ధర పెరిగినది. వర్షము లేనప్పుడు ఎవరికిని అక్కరలేని మూరెడు గెనిమ ఇప్పుడు అన్నదమ్ముల మధ్య గోడ కాగలదు. పొరుగువాని పొలిమేర రాయిని జరుపరాదని ద్వితీయోపదేశకాండము 19లో మోషే ఆజ్ఞాపించినప్పుడు అది ఎండిన నేలను గూర్చి కూడ చెప్పిన మాటే. పొలము అమ్మిన అన్న, సంతకము పెట్టిన చెల్లెలికి చీర పెట్టి పంపివేసినాడనుకొనుడి. ఆదివారము అతడు మోకాళ్లూని క్షమాపణ అడుగును. ప్రార్థన అబద్ధమని నేననను. కాని ఆ చెల్లెలు వెనుక చాప మీద కూర్చుండి అదే ప్రార్థన వినుచున్నది!

అటువంటివాడు గుడికి గంట చేయించును, లేదా ఫ్యానులు కొనిచ్చి వాటి రెక్కల మీద పేరు వ్రాయించును. కానుక మంచిదే. కాని 1517లో మార్టిన్ లూథరు పాపశిక్షా పరిహార పత్రముల అమ్మకమును ఎదిరించి తొంబదియైదు అంశములు వ్రాసినప్పుడు, విశ్వాసి బ్రదుకంతయు పశ్చాత్తాపముగా నుండవలెనన్నదే వాటిలో మొదటిది. రూపాయలిచ్చి పాపము పోగొట్టుకొనుట ఆ జర్మను దేశములో ముగిసిపోయిన కథ అని మనము అనుకొందుము. చెల్లెలి వంతుతో చేయించిన గంట ఏ దేశపుదో మీరే చెప్పుడి.

ఒక సహోదరుడు నన్ను ఈ మధ్య అడిగినాడు: "అయ్యా, నోటి మాట మీద తీసికొన్న అప్పు. ఇచ్చినాయన కాలము చేసినాడు. ఇప్పుడెవరికి ఇచ్చేది?" సంఖ్యాకాండము 5వ అధ్యాయము ఈ ప్రశ్నకే ఉన్నది. నష్టపడినవాడు లేకున్నచో అతని రక్తసంబంధికి. ఆ సంబంధియు లేకున్నచో అది దేవునిది, యాజకునికి చేరును. ముందు పిల్లలను వెదకుడి, తరువాత గుడిపెట్టె. ఈ వరుసను తారుమారు చేయవద్దు. ఒకేసారి ఇచ్చుటకు శక్తి లేనివాడు ఆ కుటుంబముతో కూర్చుండి నెలనెలా ఇంత అని మాట్లాడుకొనవచ్చును. అది అవమానము కాదు.

సొమ్ము తిరిగి ఇచ్చుటతోనే అంతయు సరిపోవునా? సరిపోదు. యూదా ముప్పది వెండి నాణెములను తిరిగి తెచ్చెను. నిరపరాధిని అప్పగించితినని నోటితో ఒప్పుకొనెను. లెక్క ప్రకారము అతడు చేయవలసినది చేసినాడు. కాని యేసు వైపు తిరుగలేదు. పేతురు చేతిలో తిరిగి ఇచ్చుటకేమియు లేదు. ఎరుగనని మూడుమారులు అన్న మాటను వెనుకకు ఎట్లు తెచ్చును? వెలుపలికి పోయి వెక్కి యేడ్చినాడు, ఆ తరువాత శిష్యులను విడిచిపోలేదు. తిబెరియ సముద్రతీరమున ప్రభువు అతనిని మూడుమారులు ప్రేమను గూర్చి అడిగి, మందను అతని చేతికి అప్పగించెను. ఇద్దరును తప్పిపోయినవారే. క్షమించువాని దగ్గరకు పోవుటలో భేదము. ఇక్కడ నా పాపము క్షమింపరానిదని రాత్రులు నిద్రలేక ఉన్నవారుంటే, పేతురును చూడుడి.

సంఘ పెద్దలకు ఒక మాట చెప్పక తప్పదు. యూదా ఒప్పుకొన్నప్పుడు ప్రధానయాజకులు ఏమనిరి? అది మాకేమి, నీవే చూచుకొనుమని పంపివేసిరి. ఒప్పుకొనుటకు వచ్చిన మనుష్యుని గుడి తలుపు దగ్గరనుండి వెనుకకు పంపిన మాట అది. ఒకరి పాపమును ఒకరు ఒప్పుకొనుడని యాకోబు పత్రిక 5వ అధ్యాయము నేర్పుచున్నది. కాని సాయంకాలము పాస్టరుగారి ఇంట చెప్పినది తెల్లవారేసరికి కొళాయి దగ్గరికి చేరునట్లయితే ఎవడు చెప్పును? వినువాడు నోరు కట్టుకొనలేనిచో వినకుండుటయే మేలు. అట్లే నష్టపడినవారిని తొందరపెట్టకుడి. "అడిగినాడు గదా, క్షమించివేయమ్మా" అనుటకు ముందు, ఆమెకు రావలసినది వచ్చినదా అని విచారింపుడి.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. 1950లో మొదట వాడబడిన దాని ప్రభురాత్రి భోజన క్రమములో పాపముల ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన జరిగిన తరువాత, రొట్టె ద్రాక్షారసములు బల్ల మీదికి రాకముందు, సమాధానమును చేతినుండి చేతికి అందించు పద్ధతి ఉన్నది. కేరళ సిరియను సంఘముల ఆచారమునుండి మన పెద్దలు దానిని తెచ్చుకొన్నారు. ఇచ్చువాడు తన కుడి అరచేతిని పుచ్చుకొనువాని కుడి అరచేతిలో ఉంచును. ఇద్దరును ఎడమచేతులతో దానిని మూయుదురు. అర్పణను బలిపీఠము దగ్గర విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు మత్తయి 5లో చెప్పినదానిని మన ఆరాధనలో చేతులతో చేయు ఘడియ అది. మనము దానిని త్వరగా ముగించి, చేరువలో ఉన్నవానికి అందించి కూర్చుండుదుము. గుడిలో అవతలి వరుసలో ఎవరున్నారో మనకు తెలియును.

వచ్చే ఆదివారము ప్రభురాత్రి భోజనము. ఇంక నాలుగు దినములున్నవి. దూరపు ఊళ్లకు పోయి మాట్లాడి రావలసినవారికి ఆ నాలుగు దినములు చాలును. ఇప్పుడు 32వ కీర్తనను ఎవరికి వారు మెల్లగా చదువుకొందము. తరువాత కొంతసేపు మౌనముగా ఉందము.