తుపాను తర్వాత జీడి షెడ్డును ఎక్కడికి మార్చాలి?



2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినది. ఆ గాలికి మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతాలలో కొబ్బరిచెట్లు విరిగిపోయినవి, జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి పడినవి. వెంట వచ్చిన వానకు మహేంద్రతనయ, గెడ్డలు పొంగినవి. అంతకు ఐదేండ్ల ముందే, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ ఇదే ఉద్దానాన్ని దెబ్బ తీసినది. ఇక రాదులే అని ఎవరమూ అనుకోవడానికి లేదు.

ఇటువంటి దెబ్బ తగిలినప్పుడు తోట సంగతి నలుగురూ మాట్లాడతారు. పై రేకులు ఎగిరిపోయిన చిన్న షెడ్డు సంగతి మాత్రం యజమానికే మిగులుతుంది. "ఇక్కడ లాభం లేదు, అంతా ఎత్తేసి కాశీబుగ్గ పోదామా?" అన్న మాట అప్పుడే వస్తుంది. ఆ మాటకు తొందరపడి అవుననీ అనవద్దు, కాదనీ అనవద్దు. మీ వ్యాపారంలో మూడు భాగాలు ఉన్నవి: సరుకు, సామాను, మనుషులు. ఈ మూడింటినీ ఒకే బండిలో ఎక్కించవలసిన పని లేదు.

ముందు సరుకు సంగతి. జీడిపిక్క మార్చి నుంచి మే వరకు చేతికి వస్తుంది. అప్పుడు కొని నిలవ చేసుకొన్న 80 కిలోల బస్తాలు అక్టోబరు నాటికి ఇంకా ఎన్నో షెడ్డులోనే ఉంటవి. మీ పెట్టుబడిలో పెద్ద భాగం అదే, ముందు తడిసేదీ అదే. కాబట్టి షెడ్డు మారినా మారకపోయినా, సరుకు నిలవను మాత్రం నీరు చేరని పక్కా గోదాములోకి మార్చవలెను. హరిపురం వైపు జాతీయ రహదారికి దగ్గరగా దొరికితే మరీ మంచిది. నలుగురు కలిసి ఒక గోదాము అద్దెకు తీసుకొంటే భారం తగ్గుతుంది. బస్తాలను నేల మీద వేయకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి.

తడిసిన పిక్కను పొడి పిక్కతో కలపవద్దు. అదే రోజు బస్తా విప్పి పలుచగా పరచి, తిరగవేస్తూ ఉండవలెను. ఎండ లేకపోతే కప్పు కింద గాలి తగిలేటట్లు ఆరబోయండి. గుప్పెడు పిక్కలు చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల పప్పు గలగలమనాలి. ఆ తర్వాతనే బస్తా కట్టండి. బూజు పట్టిన పిక్కను మంచి సరుకులో కలిపితే పప్పు రంగు చెడి, మొత్తానికీ ధర పోతుంది.

ఇక మనుషులు. పిక్క కొట్టే, పొట్టు తీసే పని ఎక్కువగా మన ఊరి ఆడవాళ్ళ చేతిలో ఉన్నది. ఇంట్లో పిల్లవాడికి అన్నం పెట్టి, పశువుకు గడ్డి వేసి పనికి వస్తారు. షెడ్డు పట్నానికి పోతే వారిలో ఎందరు రాగలరు? తోట పడిపోయిన ఏడు ఆ కూలి కూడా పోతే ఆ ఇల్లు గడిచేది ఎట్లా? చేయి తిరిగిన పనివారు పోతే మీకూ నష్టమే. పగలకుండా నిండుగా వచ్చిన గుండుకు ఒక ధర, ముక్కకు ఒక ధర. కాబట్టి ఒక కాగితం తీసుకొని అద్దె, కరెంటు కనెక్షను, ఆటో ఖర్చు, కొత్తవారికి పని నేర్పే రోజుల నష్టం, ఈ నాలుగూ వేసి చూడండి. చాలామందికి ఊళ్ళోనే మెరక నేల చూసి షెడ్డు వేసుకోవడం లాభమని తేలుతుంది.

మరి ఆ చోటు ఎట్లా చూడాలి? మొన్నటి వరద గోడల మీద మిగిల్చిన మరకను చూడండి. దానికంటె ఎత్తున ఉండాలి. గెడ్డ ఒడ్డు, చెరువు గర్భం పనికిరావు. చుట్టూ కొబ్బరిచెట్టు విరిగితే కప్పు మీద పడేంత దగ్గరలో ఉండకూడదు. బండి తిరగాలి, ఆరబోతకు సిమెంటు కళ్ళం పట్టాలి. తుపాను కన్ను మీదుగా పోతే గాలి మొదట ఒక దిక్కు నుంచి కొట్టి, కాసేపు ఆగి, ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అందుచేత కట్టుదిట్టం ఒక్క పక్కనే చాలదు. రెండు వాలుల కప్పుకంటె నాలుగు వాలుల కప్పు గాలికి బాగా నిలుస్తుంది. రేకు అంచుల దగ్గర బోల్టులు దగ్గర దగ్గరగా వేయించండి. బాయిలరును, మోటారును ఎత్తయిన దిమ్మ మీద పెట్టండి.

కాగితాల పని మరవవద్దు. పాడైన షెడ్డును తీసేయకముందే ఫోటోలు తీయించి, నష్టం లెక్క రాయడానికి వచ్చినవారికి చూపండి. బీమా పాలసీలో రాసిన చోటుకే రక్షణ ఉంటుంది. గోదాము మారితే ముందే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ఆహార భద్రత రిజిస్ట్రేషను గాని లైసెన్సు గాని కొత్త చిరునామాకు తీసుకోవలెను. అప్పు ఉంటే వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్ళి గడువు సవరణ అడగండి.

చివరగా తోట. దానిని ఎక్కడికీ మార్చలేము. పడిన కొబ్బరి మానులను కుళ్ళనివ్వవద్దు, వాటిలో కొమ్ము పురుగు పెరిగి నిలిచిన చెట్లనూ తింటుంది. జీడి అంటుమొక్క మూడో ఏట కాపు మొదలుపెడుతుంది, నాటు కొబ్బరికి ఆరేడేండ్లు కావలెను. అందాకా ఊరి పిక్క చాలదు, బయటి నుంచి కొనవలసిందే. రహదారి దగ్గర గోదాము ఉండాలని చెప్పినది అందుకే.

సరుకును రోడ్డు దగ్గరికి చేర్చండి, సామానును ఎత్తుకు చేర్చండి, పనిని మాత్రం ఊళ్ళోనే ఉంచే దారి వెతకండి. అంటుమొక్కల కోసం మీ గ్రామ ఉద్యాన సహాయకుణ్ణి ఇప్పుడే కలుసుకోండి.