ఐదో మార్కు



కొత్త నిబంధన తెచ్చేముందు దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అని ప్రభుత్వం లెక్క వేయాలి. దీన్ని నియంత్రణ ప్రభావ అంచనా అంటారు. ఈ పని ఏ దేశం ఎలా చేస్తోందో ఓఈసీడీ సంస్థ 2015 నుంచి మార్కులు వేస్తోంది. పద్ధతి, అమలు, పారదర్శకత, పర్యవేక్షణ: ఒక్కోదానికి 1 చొప్పున మొత్తం 4. ఇవి ఏర్పాట్లకు వేసే మార్కులు. అంచనా ఎంత నిజమో వీటిలో తేలదు.

మన దేశంలో 2014 నాటి విధానం ప్రకారం చట్టం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. జీవనోపాధిపై దాని ప్రభావమూ చెప్పాలి. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తే, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. వాటిలో తెలుగు ఉంది. మన మన్యంలో మాట్లాడే కువి లేదు.

మన అనంతగిరి మండలంలోని గని లీజుల వివాదమే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పుకు దారితీసింది. నిబంధన మారితే ముందు తగిలేది ఇలాంటి ఊళ్లకే. అందుకే ఐదో మార్కు కావాలంటాను: టైడా గ్రామసభలో చదివితే అందరికీ అర్థమైందా? ఆ చదివి చెప్పే పని చదువుకున్న మనం తీసుకుందాం.