పట్టికలో పేరును వెదకు విధము



గ్రంథాలయమునకు వచ్చువారిలో పుస్తకము పేరును సంపూర్ణముగా నెరిగి వచ్చువారు కొలదిమందియే. “కవిపేరు వేంకటయని మొదలగును”, “చివర చరిత్రమని యుండును” అని యడుగువారే యెక్కువ. అట్టి యరకొర గుర్తుతోనే పెద్ద పట్టికనుండి కావలసిన వరుసలను వడపోయు విద్య నేడు కంప్యూటరునకు గలదు.

ఇంగ్లండున బుట్టి అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేసిన కాడ్ అను పండితుడు, సమాచారము నంతయు పట్టికలుగా నుంచు పద్ధతిని 1970లో ప్రతిపాదించెను. 1974లో నా సంస్థవారే యగు చేంబర్లిన్, బాయిస్ అనువారు ఆ పట్టికలను ప్రశ్నించుట కొక భాషను ప్రకటించిరి. నేటి ఎస్.క్యు.ఎల్. దాని రూపమే. అందు ‘లైక్’ అనగా ‘ఇట్టి పోలిక గల’ అని యర్థము. దానికి రెండు గుర్తులు తోడు. శాతపు గుర్తున్నచోట ఎన్ని యక్షరములైన నుండవచ్చును, ఏమియు లేకపోవచ్చును. క్రిందిగీత యున్నచోట సరిగా నొక్కటి యుండవలెను, అది యేదైనను సరియే. ప్రాసస్థానమున హల్లు మారరాదు, అచ్చు మారవచ్చునను నియమము నెరిగిన పద్యప్రియులకు ఇది క్రొత్తగా దోపదు.

‘వేంకట’ వెనుక శాతపు గుర్తుంచిన వేంకటరమణయు వేంకటేశ్వరుడును వత్తురు. మొదలు తెలిసినపుడు యంత్రము అకారాదిసూచికలో తిన్నగా నా చోటికే పోగలదు. శాతపు గుర్తు ముందే యున్నచో సూచిక సాధారణముగా నక్కరకు రాదు; మొదటి వరుసనుండి తుదివరకు చూడవలసినదే.

తెలుగులిపితో వచ్చు చిక్కు వేరు. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణమునందే తెలుగునకు స్థానము దొరికినది. అందు హల్లున కొక సంఖ్య, గుణింతపు గుర్తున కొక సంఖ్య, హల్లులను గూర్చు పొల్లునకు వేరొక సంఖ్య. ‘స్త్రీ’ కంటి కొక్క యక్షరము, యంత్రమునకు ఆరు. ‘రామ’ యను మాటకు ముందువెనుకల శాతపు గుర్తుల నుంచి వెదకిన రామాయణముతోపాటు ‘విరామము’ను ‘గ్రామచరిత్ర’యు వచ్చి కూర్చుండును! ‘గ్రా’ యందలి రేఫమును యంత్రము విడిగా నెంచుటయే కారణము.

ఎక్కువ వచ్చిన నష్టము లేదు, ఏరివేయవచ్చును. రాకపోవుటయే ప్రమాదము. భూముల పట్టికయందో పింఛను జాబితాయందో ఒకరు ‘వేంకటయ్య’ యని వ్రాయగా వేరొకరు ‘వెంకటయ్య’ యని వెదకిన, యంత్రము అట్టి వరుస లేదనును. గుమాస్తా దానిని నమ్మి “నీ పేరు లేదు, పొమ్ము” అన్నచో ఆ వృద్ధుని హక్కు అక్కడనే నిలిచిపోవును. వకారము వెనుక నొక క్రిందిగీత, పిదప సున్నయు ‘కట’యు, చివర శాతపు గుర్తు నుంచిన రెండు వరుసలును దొరకును, ఎత్వమైనను ఏత్వమైనను యంత్రమున కది యొక్క గుర్తే గదా. నకారపొల్లుతో ‘వెన్కటయ్య’ యని వ్రాసియున్నచో దీనికిని చిక్కదు. అప్పుడు వేరొక పోలికతోనో, తండ్రిపేరుతోనో, సర్వే నంబరుతోనో మరల వెదకవలెను.