కార్డు తెగిన యిల్లు



మాది నేరేడుచర్ల. సాగరు ఎడమ కాలువ నీటితో వరి పండెడు నేల. మా ధాన్యము లారీలకొలది మిర్యాలగూడ మిల్లులకు పోవును. అట్టిచోట ఒక ముదుసలి బియ్యము లేక నా గడప త్రొక్కినది. “కంట్రోలు దుకాణంల నా పేరు లేదన్నరు సారూ” అని కార్డు చేతబెట్టినది. “సర్కారు లెక్క ఊరక తప్పదు అవ్వా, వచ్చే నెల చూడు” మని పంపివైచితిని. ముప్పదియేండ్లు పిల్లల లెక్కలు దిద్దిన నాకు, ఆ లెక్క నొకమారు దిద్ది చూడవలెనని తోచలేదు. రెండు నెలలు ఆమె బదులు బియ్యముతో గడపినదని పిమ్మట తెలిసి తల వంచుకొంటిని.

లెక్క తప్పవచ్చును. మన రాష్ట్రమున సుమారు 19 లక్షల కార్డులు రద్దయిన సంగతి సుప్రీంకోర్టు దాక పోయినది. ఇంటింటికి పోయి విచారింపక కంప్యూటరు లెక్కను బట్టి తొలగించిరన్నది అభియోగము. క్షేత్రమునకు పోయి మరల పరిశీలింపుడని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానము ఆజ్ఞాపించెను.

2013 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము, హక్కుదారునకు రావలసిన ధాన్యము అందనిచో, దానికి బదులు ప్రభుత్వము రొక్కముగా భత్యము చెల్లింపవలెను. కాని పేరే తొలగినవాడు తాను హక్కుదారుడనని ముందు నిరూపించుకొనవలెను గదా! అంతదనుక పొయ్యి వెలుగు టెట్లు?

కావున పెద్దలకు రెండు పనులు గలవు. మొదటిది, అర్జీ. పేరు తొలగించిన కారణమును వ్రాతపూర్వకముగ అడుగుడు. తహసీలుదారు కచేరిలో అర్జీ నిచ్చి రశీదు పుచ్చుకొనుడు. అచట తీరనిచో సోమవారము సూర్యాపేట కలెక్టరు కచేరిలో జరుగు ప్రజావాణికి పొండు. ఆపైని రాష్ట్ర ఆహార కమీషను కలదు. 2025 ఉగాదినాడు, మార్చి 30న, మన హుజూర్‌నగరుననే సన్నబియ్యపు పంపిణీ మొదలయ్యెను. ఆ జూలై 14న తిరుమలగిరిలో క్రొత్త కార్డుల పంపిణీ ఆరంభమయ్యెను. పేరు నిలిచినవారికే ఆ బియ్యము. నిలువనివారి మాట మనము తలపవలెను.

రెండవది, నడిమి నెలల గ్రాసము. మనిషికి నెలకు 6 కిలోలు కార్డుపై వచ్చు కొలత. కోతల కాలమున ఇంటికి కొన్ని కుంచములు ఒకచోట కూర్చినచో, తీర్పు వచ్చుదాక ఆ కొలతయే గ్రామము కొలిచి యీయవచ్చును. మందులకును నూనెకును కొంత చేబదులు సొమ్మును ఉంచవచ్చును. దీనిని బిచ్చమని పిలువకుడు. పదిమంది యెదుట నిలువబెట్టి యీయకుడు.

ఆ యవ్వ అర్జీని తుదకు నేనే వ్రాసితిని. వ్రేలిముద్ర వేయబోవుచు ఆమె ఆగి, “తప్పు నాది కాదని రాసినవా సారూ?” అని యడిగినది. వ్రాయలేదు. కాగితము మరల తీసికొని, మొదటి పంక్తిలోనే ఆ మాట చేర్చితిని. మీరు వ్రాయునపుడు మరువకుడు.

సెలవు.