కాగితం మన చేతిలో, చేను వాళ్ల చేతిలో
(మండల భూమి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం మాట్లాడుకోవాల్సింది ఒక్కటే సంగతి. ప్రభుత్వం మనకిచ్చానంటున్న భూమి ఎక్కడుంది?

బడి వదిలాక సాయంత్రాలు మేము పల్లెపల్లెకీ తిరిగాం. ట్రంకుపెట్టెల్లోంచీ, చూరుల్లోంచీ తీయించి పట్టా కాగితాలు చదివాం. మా ఇళ్లల్లో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. ఆ నాలుగక్షరాలు ఇందుకు పనికి రాకపోతే ఇంకెందుకు? చదివితే తేలిందేమంటే, పట్టా మనవాళ్ల పేరనే ఉంది. కొన్నిచోట్ల అడంగల్లోనూ మన పేరే ఉంది. చేలో మిరపతోట మాత్రం మోతుబరిది. మనవాడు ఆ తోటలోకే కూలికి పోతున్నాడు. తన పేరున్న భూమిలో తనే కూలి!

దీన్ని కోస్తాలో డి-పట్టా అంటాం, సీమలో డి.కె.టి. పట్టా అంటారు, తెలంగాణలో లావుణి పట్టా అంటారు. పేరేదైనా సంగతి ఒకటే. భూమిలేని పేదకు మాగాణైతే రెండున్నర ఎకరాలు, మెట్టైతే ఐదెకరాలకు మించకుండా ఇస్తారు. దున్నుకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, అమ్మకూడదు. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి జి.ఓ. 1142తోనూ, తెలంగాణలో 1958 జూలై 25 నాటి జి.ఓ. 1406తోనూ ఈ షరతు గట్టిగా వచ్చింది.

మరి అమ్మకూడని భూమి ఎట్లా పోయింది? "వాళ్లే అమ్ముకున్నారండీ, తాగి పోగొట్టుకున్నారండీ" అంటారు పెద్ద అరుగుల మీద కూర్చున్నవాళ్లు. ఈ మాట విని విని మన పిల్లలు కూడా నమ్ముతున్నారు. ఇచ్చిందేమిటో చూడండి. రాళ్లు, ముళ్లకంపలు, చెరువు పైన గట్టునేల. బోరు లేదు, కరెంటు లేదు, చేలోకి పోవటానికి దారి లేదు. దారి వాళ్ల పొలంలోంచే. "నాట్లేశాం, గట్టు మీద నడవొద్దు" అంటే ఆ ఏడు మనకు సేద్యం లేనట్టే. బ్యాంకుకు పోతే మేనేజరు "డి-పట్టా మీద లోనివ్వకూడదు" అంటాడు. ఇది చెవిన పెట్టండి: 1977 చట్టం 6వ సెక్షన్ ప్రకారం అసైన్డు భూమిని షెడ్యూల్డ్ బ్యాంకుకో సహకార సంఘానికో తనఖా పెట్టటం నిషేధం కిందికి రాదు. తాకట్టుకు చట్టం అడ్డు లేదు, మేనేజరే అడ్డు. బ్యాంకు తలుపు మూసుకుంటే ఇంకెక్కడికి పోతాం? పిల్ల పెళ్లికో, ఆసుపత్రికో మోతుబరి ఇంటికే పోతాం. ఆయన పట్టా కాగితం పుచ్చుకుని డబ్బిస్తాడు. రెండేళ్లకు తెల్లకాగితం మీద వేలిముద్ర. మూడో ఏడు నాగలి ఆయనది.

ఆ 1977 చట్టమే (9వ నంబరు చట్టం) ఇంకో మాట కూడా అంటోంది. అసైన్డు భూమి అమ్మకం చెల్లదు, కొన్నవాడికి ఏ హక్కూ రాదు. 4వ సెక్షన్ కింద అధికారి కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, భూమిని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించొచ్చు. చట్టం రాకముందే మంచి నమ్మకంతో డబ్బిచ్చి కొనుక్కున్న భూమిలేని పేదకు మినహాయింపు ఉంది, అది న్యాయమే. మోతుబరికి ఏ మినహాయింపూ లేదు. ఒక జాగ్రత్త: తిరిగి ఇప్పించటం ఒక్కసారే. రెండోసారి అమ్మితే ఇక మనకు రాదు. కొన్నవాడికి జైలుశిక్ష కూడా రాశారు. మేము తిరిగిన పల్లెల్లో ఈ చట్టం కింద జైలుకు పోయినవాడు ఒక్కడూ కనపడలేదు.

భూమి పట్టాల చట్టమొకటి 2022లో ఈ రాష్ట్రంలో చేశారు, 2023 అక్టోబరు 31 నుంచి అమలన్నారు. సొంత పట్టాలున్న పెద్ద రైతులు భయపడ్డారు, వకీళ్లు కోర్టులు బంద్ పెట్టారు, 2024లో ఎన్నికల్లో అదే పెద్ద రగడ. ఆ ఏడే రద్దయింది. తప్పుపట్టటం లేదు, భయపడాల్సిందే. కానీ మన భూమి కోసం చేసిన చట్టాన్ని 1977 నుంచీ రోజూ కాళ్లకింద వేసి తొక్కుతుంటే ఏ కోర్టు బంద్ అయింది?

ఇప్పుడు అసలు చిక్కు. 2023లో ఈ రాష్ట్రంలో చట్టం మార్చి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డు భూమిని అసలు లబ్ధిదారు గానీ వారసులు గానీ అమ్ముకోవచ్చన్నారు. దీన్నే ఫ్రీహోల్డ్ అంటున్నారు. 2024 ఆగస్టులో కొత్త ప్రభుత్వం అక్రమాలు జరిగాయని ఈ భూముల రిజిస్ట్రేషన్లు ఆపింది.

ఒక పల్లెలో పెద్దాయన మమ్మల్ని నిలదీశాడు: "ఏం మాస్టారూ, ఆ కామందు తన పొలం అమ్మి కొడుకుని అమెరికా పంపితే తప్పు లేదు. నేను నా మనవరాలి చదువుకి అరెకరం అమ్ముకుంటే తప్పా? నేను మైనర్నా?" ఆ మాటను మేము తేలిగ్గా తీసుకోలేదు. అందులో ఆత్మగౌరవం ఉంది. భూమి ఇచ్చి కూడా నువ్వు సగం మనిషివే అనే షరతది.

అయినా మా అభిప్రాయం వేరు. భూమి చేతిలో ఉన్నవాడికి ఫ్రీహోల్డ్ హక్కే కావచ్చు. చేతిలో లేనివాడికి అది వల. ఇన్నాళ్లూ ఆ తెల్లకాగితం చెల్లదు కాబట్టి మోతుబరికి లోపల దడ ఉండేది. ఫ్రీహోల్డ్ వస్తే పట్టాదారు ఇంటికి కారు వస్తుంది, "సంతకం పెట్టు మామా, పాతిక వేలు తీసుకో" అంటారు. (మన ఇంటికి వాళ్ల కారు వచ్చిందంటేనే అనుమానించాలి.) దొంగసొత్తుకు రసీదు రాసిచ్చినట్టవుతుంది. అందుకే ముందు 4వ సెక్షన్ కింద భూములు వెనక్కి రావాలి. ఆ తర్వాత అమ్మకం మాట. అప్పుడైనా తప్పనిసరై అమ్మేవాడి దగ్గర ప్రభుత్వమే బజారు ధరకు కొని మనలోనే భూమిలేనివాడికి ఇవ్వాలని మా డిమాండు.

సమానత్వం కావాలా? నష్టపరిహారంలో అడుగుదాం. అసైన్డు భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. అయినా అమరావతి భూసమీకరణలో 2016 నాటి జి.ఓ. 41 అసైన్డు రైతుకు పట్టా రైతుకంటే తక్కువ ప్లాట్లు రాసింది. అదే నేల, అదే అరటి, గట్టు మాత్రమే తేడా.

దేశమంతా కథ ఇదే. 2011 లెక్కల్లో ఎస్సీలు నూటికి పదహారున్నర మంది. 2015-16 వ్యవసాయ గణనలో సాగుభూమిలో మన వాటా నూటికి తొమ్మిది కూడా లేదు. ఢిల్లీవాళ్లు ప్రతి చేనుకూ పద్నాలుగు అంకెల భూ-ఆధార్ నంబరు వేస్తున్నారు. చేనుకు నంబరు వచ్చింది గానీ చేను మనకు రాలేదు. తప్పు పేరు కంప్యూటర్లో ఎక్కితే అదే వేదమంటారు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చినప్పుడు తప్పు దిద్దించుకోటానికి ఎమ్మార్వో ఆఫీసులో దిక్కు లేక జనం ఎంత అల్లాడారో చూశాం. 2025లో భూభారతి చట్టంతో అప్పీళ్ల దారి తెరిచారు.

భూమి అడిగితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2012 జూన్ 12న సిక్కోలు జిల్లా లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకోగా మిగిలిన భూమి దున్నుకుంటున్నందుకు మనవాళ్లు ఐదుగుర్ని చంపారు. అందుకే ఒంటరిగా చేలోకి దిగొద్దు. పల్లె మొత్తం కలిసి, కాగితంతో దిగాలి. ఎస్సీ భూమిని అక్రమంగా ఆక్రమిస్తే, వెళ్లగొడితే అట్రాసిటీ చట్టం 3(1)(ఎఫ్), 3(1)(జి) కింద నేరం. ఎస్సై "ఇది సివిల్ తగాదా" అంటాడు. కాదని చెప్పండి, సెక్షన్ రాసి చూపించండి.

వచ్చే పదిహేను రోజుల్లో చేయాల్సిన పని చెబుతాం. ప్రతి పల్లెలో చదువుకున్న పిల్లలు ఇద్దరు నోటుబుక్కు పట్టుకోవాలి. పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టా ఇచ్చిన ఏడు, ఇప్పుడు దున్నుతున్నది ఎవరు, ఎప్పట్నుంచి, ఎంత డబ్బు పుచ్చుకున్నారు. అబద్ధం రాయొద్దు. పుచ్చుకుంటే పుచ్చుకున్నట్టే రాయండి, దాంతో హక్కు పోదు. పట్టా పోయినవాళ్లు భయపడొద్దు, తహసీల్దారు ఆఫీసులో అసైన్‌మెంటు రిజిస్టరు ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద నకలు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. 4వ సెక్షన్ కింద అర్జీ ఒక్కొక్కరు వేరుగా రాయాలి, ఇచ్చేటప్పుడు అందరూ కలిసి ఇవ్వాలి. రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోకుండా కదలొద్దు. భర్త లేని ఆడవాళ్ల పట్టాలు ముందు రాయండి, అన్నిటికంటే ఎక్కువ పోయినవి అవే. నోటుబుక్కులన్నీ నింపుకుని వస్తే మనమంతా కలిసి సోమవారం గ్రీవెన్సుకు కలెక్టరాఫీసుకు పోదాం.

జై భీమ్.