నయము, మానుట, కోలుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా మన గ్రామమునకు అక్షరభిక్ష పెట్టుచున్న ఈ గ్రంథాలయపు పండుగనాడు నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. నేను వైద్యుడను కాను. కాని జబ్బుపడి లేచిన మనిషిని గూర్చి మనము వాడుకొను మాటలు మనకందరకును సొంతము గనుక, వానినే నేటి విషయముగా గైకొంటిని.

ఊరిలో ఎవరికైన జ్వరము వచ్చినచో పొరుగువారు గడపలో నిలిచి అడుగునది ఒక్కటే: "ఎట్లున్నది?" జవాబులు మాత్రము పలు విధములు. "తెరపి యిచ్చినది", "తగ్గినది", "మందు గుణమిచ్చినది", "నయమైనది", "కుదిరినది", "కోలుకొన్నాడు" అందురు. ఇవన్నియు ఒకటేయని తలంతుము. తరచి చూచినచో ఇవి వేరువేరు మెట్లు.

"తెరపి" వానకు సంబంధించిన మాట. ముసురు నడుమ చినుకు ఆగినచో తెరపి యందుము; మబ్బు పోయినదని కాదు. "తగ్గుట" కొలతను తెలుపును. చెరువులో నీరు తగ్గినదనిన ఎండినదని యర్థము కాదు. "నయము" పోలికను తెలుపును. అంగడిలో "ఆ మిరపకాయలకంటె ఇవి నయము" అందుము గదా! రోగి విషయమునను మొదట అంతే: నిన్నటికంటె నేడు నయము. "మానుట" గాయమునకు, పుండునకు చెల్లును. త్రాగుడు మానినాడు, గాయము మానినది, క్రియ యొక్కటే.

గుండ్రని అడుగు గల కుండ దొర్లకుండ క్రింద పెట్టు చుట్టకు "కుదురు" అని పేరు. కుండ కుదురుమీద నిలిచినట్లు దేహము తనచోట నిలిచినప్పుడు జబ్బు కుదిరినదందుము. తుంటరికి తగిన శాస్తి జరిగినప్పుడు సైతము "రోగము కుదిరినది" అని నవ్వుకొందుము. ఇక "కోలుకొనుట" అనగా జబ్బు పోవుట మాత్రమే కాదు, పోయిన బలమును తిరిగి తెచ్చుకొనుట. ప్రత్తి పంట పోయి, అప్పులపాలై, మరల నిలద్రొక్కుకొన్న రైతును గూర్చియు కోలుకొన్నాడనియే యందుము.

ఈ భేదములు పండితుల వినోదమునకు గావు. క్షయరోగి సంగతి చూడుడు. మందు మొదలిడిన కొన్ని వారములకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. "తగ్గినది గదా" యని మాత్రలు మానువారు కలరు. కాని సాధారణ క్షయకు సైతము చికిత్స సామాన్యముగా 6 నెలలు. నడుమ విడిచినచో మిగిలిన క్రిములు మరల విజృంభించును. ఆ మందులకు లొంగనివిగా మారుటయు కలదు. తగ్గుటకును, కుదురుటకును నడుమ నున్న ఆ నెలలలోనే ప్రాణమున్నది.

కుష్ఠు విషయమున మనము చేయునది దీనికి ఎదురు తప్పు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో, జబ్బు తీరును బట్టి 6 లేక 12 నెలలలో ఆ రోగము నయమగును. అయినను వ్రేళ్ల వంకర మిగిలినదని ఆ మనిషిని జీవితాంతము కుష్ఠురోగి యనియే పిలుతుము. క్రిమి విడిచినను మన నోరు విడువదు. నయమైనవానికి నయమైనదను మాట ఇయ్యకుండుటయు అన్యాయమే.

ఇక మన గడపలోని జబ్బు మాట. మన కనిగిరి ప్రాంతపు భూగర్భజలములలో అనేకచోట్ల ఫ్లోరైడు అధికము. రాళ్లలోని ఖనిజములనుండి అది నీటిలోనికి కరిగివచ్చును. నాటి నెల్లూరు జిల్లా ప్రజలలో ఈ వ్యాధిని షార్టు మొదలగు పరిశోధకులు 1937లో వర్ణించి ప్రచురించిరి. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనిదే. త్రాగునీట లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లమీద గోధుమవన్నె చారలు, పెద్దలకు మెడయు నడుమును కీళ్లును బిగియుట కలుగును.

ఈ జబ్బునకు పై మాటలలో ఏది చెల్లును? బిగిసిన ఎముకలను మునుపటివలె చేయు మందు లేదు. కనుక "నయము చేయుదుము" అని తైలములు, పొడులు అమ్మువారికి మీ కష్టార్జితము ధారపోయకుడు. ఎంతటివాని హస్తవాసియు ఇచట పనిచేయదు. నీరు మార్చినచో జబ్బు ముదురుట అరికట్టవచ్చును. తొలినాటి బాధలు కొన్ని తగ్గవచ్చును. అన్నింటికంటె ముఖ్యముగా, పుట్టబోవు బిడ్డలకు అది రాకుండును.

ఇందులకు మన తెలుగున "కాచుకొనుట" అను మంచిమాట కలదు. నీరు కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు; ఆవిరియైనకొలది మిగిలిన నీట మరింత చిక్కనగును. నీటిని కాచుట చాలదు, మనలను మనము కాచుకొనవలెను. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు విధానమునకు మన తెలుగు జిల్లా పేరిటనే నల్లగొండ పద్ధతి యని పేరు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు దానిని రూపొందించిరి. కాచుకొనుట చిన్న పని యనుకొనకుడు. లోకమునుండి మశూచికమును వెడలగొట్టినది మందు కాదు, టీకా. అది సమసిపోయినదని 1980లో ప్రకటించిరి.

నడుము వంగిన పెద్దతో "తాతా, నీకు నయమగును" అని పలుకుట సులభము. "తాతా, నీ నడుము మునుపటివలె కాదు గాని, నీ మనుమని నడుము వంగనీయము" అని చెప్పి ఆ మాట నిలుపుకొనుట కష్టము. రెండవదానిలోనే నిజమైన ఊరట కలదు.

ఈ గ్రంథాలయమున నిఘంటువులు కలవు, ఆరోగ్య గ్రంథములు కలవు. రెండింటిని ప్రక్కప్రక్కన చదువుడు. రేపు ఎవరైన గడపలో నిలిచి "ఎట్లున్నది?" అని అడిగినచో, ఉన్నమాట చెప్పుడు. తగ్గినచో తగ్గినదనుడు, కుదిరిననాడే కుదిరినదనుడు.